గుగ్గిలంలో చిక్కిన ఈగ



2017లో ‘పీర్‌జె’ అనే శాస్త్ర పత్రికలో మూడు ఈగలకు నామకరణం జరిగింది. ఒకదాని పేరు ఇండోరైనా సాహ్నీ, రెండోది పేలియోగ్నోరిస్టె ఓరియెంటలే, మూడోది లిజిస్టోరైనా ఇండికా. పేర్లు నోరు తిరగనంత పొడుగే గాని, ఈగలు మాత్రం కొన్ని మిల్లీమీటర్లకు మించవు. మూడూ గుజరాత్‌లో సూరత్ జిల్లా లిగ్నైట్ గనుల్లోని అంబర్, అంటే గట్టిపడి శిలాజమైన చెట్టు జిగట ముద్దల్లో బయటపడ్డాయి. అవి బతికిన కాలం సుమారు 5 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందటిది. అప్పటికి హిమాలయాలు ఇంకా లేవలేదు. మనిషి జాడే లేదు.

ఇవి ఇళ్లలో ముసిరే ఈగల్లాంటివి కావు. చూడడానికి దోమల్లా ఉంటాయి. పొడవాటి కాళ్లు, ఎత్తుగా గూని తేలిన వీపు, సన్నని ఒళ్లు. ఇంగ్లిషులో వీటిని ఫంగస్ నాట్స్ అంటారు, ఈ ప్రసంగంలో పుట్టగొడుగు ఈగలు అందాం. వీటి పిల్లపురుగులు ఎక్కువగా పుట్టగొడుగుల్లో, బూజు పట్టిన కట్టెల్లో, కుళ్లిన ఆకుల కింద పెరుగుతాయి. పుట్టగొడుగులు పెంచే రైతులకు వీటి చుట్టాలు బాగా తెలుసు. షెడ్డులో తేమ పెరిగితే చాలు, సియారిడే కుటుంబపు నల్లని చిన్న ఈగలు చేరతాయి, వాటి పురుగులు పంటను తొలిచేస్తాయి. నర్సరీ కుండీల్లో మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే పైన ముసిరేవీ అవే. న్యూజిలాండ్‌లోని వైటోమో గుహల కప్పుకు వేలాడుతూ నీలి వెలుగు చిమ్మే పురుగులు కూడా ఈ వంశానివే. ఈ పెద్ద గుంపులోని మైసెటోఫిలిడే అనే ఒక్క కుటుంబంలోనే ఇప్పటికి 4,000కు పైగా జాతులకు పేర్లున్నాయి.

గుజరాత్ ఈగలది లిజిస్టోరైనిడే అనే చిన్న కుటుంబం. వీటికి పొడవాటి తొండం ఉంటుంది. ఈనాడు బతికి ఉన్న వీటి బంధువులు ఉష్ణమండలపు అడవుల్లో పూల మీద వాలి తేనె పీలుస్తాయి.

పాలమూరు ప్రాంతపు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు ఈ కథతో ఏం పని అనిపించవచ్చు. కానీ నల్లమల అంచున ఉండేవాళ్లకు చెట్ల బంక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మన్ననూరు, అమ్రాబాద్, లింగాల వైపు చెంచులు తరతరాలుగా తపసి చెట్టుకు గాటు పెట్టి బంక తీస్తున్నారు. గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. మందుల తయారీలో, కట్టుడు పళ్లను అంటించే పొడుల్లో ఆ బంక వాడతారు. కారుతున్న బంకకు చీమ అంటుకుని, కాళ్లు కొట్టుకుని, చివరికి మునిగిపోవడం అడవిలో తిరిగేవాళ్లు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అంబర్‌లో ఈగ చిక్కడమూ అచ్చం అలాగే మొదలవుతుంది.

ఇక్కడ ఒక తేడా ఉంది. తపసి బంక పిండిపదార్థాల కోవది. నీళ్లలో వేస్తే ఉబ్బి జిగురవుతుంది. వానకు నానుతుంది, సూక్ష్మజీవులు తినేస్తాయి. అది ఎన్ని వేల ఏళ్లున్నా అంబర్ కాజాలదు. అంబర్ కావాలంటే నీళ్లలో కరగని జిగట కావాలి. గుగ్గిలం అలాంటిది. సందెవేళ నిప్పుల మీద వేస్తే గుప్పున పొగ లేస్తుంది, నీళ్లలో వేస్తే మాత్రం కరగదు. అటువంటి జిగట గాలికి గట్టిపడి, మట్టిలో పూడిపోయి, దాని అణువులు ఒకదానికొకటి గొలుసులుగా అల్లుకుంటే లక్షల, కోట్ల ఏళ్లకు అంబర్ అవుతుంది. గుజరాత్ అంబర్ రసాయనాన్నీ, దానితో పాటు దొరికిన శిలాజ కలపనీ పరీక్షించిన శాస్త్రవేత్తలు, అది డిప్టెరోకార్పేసీ కుటుంబపు చెట్లు కార్చిన జిగట అని తేల్చారు. గుగ్గిలం చెట్టు ఆ కుటుంబానిదే. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో పెరిగే గుగ్గిలం, శేషాచలంలో పెరిగే జాలరి, రెండూ ఆ ఈగలను పట్టేసిన చెట్ల దాయాదులే.

మరి పాలమూరు నేలలో అంబర్ దొరుకుతుందా? దొరకదు. ఇక్కడి రాళ్లు అందుకు మరీ ముసలివి. గద్వాల గుండా సాగే శిలల పట్టీ, చుట్టూ గుట్టలుగా కనిపించే గ్రానైట్, నైస్ రాళ్లు 250 కోట్ల ఏళ్లకు పైబడినవి. నల్లమల కొండల క్వార్ట్‌జైట్ రాయి వయసు కూడా 100 కోట్ల ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో నేల మీద చెట్టన్నదే లేదు. లోకంలో ఇప్పటివరకు తెలిసిన అన్నిటికన్నా పాత అంబర్ అమెరికాలోని ఇల్లినాయ్ బొగ్గులో దొరికింది, దాని వయసు సుమారు 32 కోట్ల ఏళ్లు. లోపల జీవులున్న అంబర్లలో బాగా పాతది ఇటలీలోని డోలమైట్ కొండలది. 23 కోట్ల ఏళ్ల నాటి ఆ చుక్కల్లో రెండు నల్లిపురుగులు (మైట్స్), ఒక ఈగ దొరికాయని 2012లో ప్రకటించారు. అందుకే అంబర్ వెతికేవాళ్లు ముసలి రాళ్ల జోలికి పోరు. కుర్ర వయసు బొగ్గును, అంటే లిగ్నైట్‌ను వెతుకుతారు.

సూరత్ జిల్లాలోని వస్తాన్, తడకేశ్వర్ గనులు అటువంటివి. కరెంటు కోసం అక్కడ లిగ్నైట్ తవ్వుతారు. ఆ పొరల మధ్య పసుపు, తేనె రంగు ముద్దలు ఉన్నాయనీ, వాటిలో పురుగులు చెక్కుచెదరకుండా ఉన్నాయనీ 2005లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక ద్వారా లోకానికి తెలిసింది. ఆ వ్యాసం రాసినవారిలో ప్రొఫెసర్ అశోక్ సాహ్నీ, గఢ్వాల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఎస్. రాణా, లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థకు చెందిన హుకం సింగ్ ఉన్నారు. తర్వాత జర్మనీలోని బాన్ నుంచి యెస్ రుస్ట్, న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ నుంచి డేవిడ్ గ్రిమాల్డీ వారితో కలిశారు. 2010 నాటికి ఈ బృందం 14 క్రమాలు, 55కు పైగా కుటుంబాలు, 100కు పైగా జాతుల పురుగులు, సాలీళ్లు, వాటి బంధువులను లెక్కతేల్చింది. చీమలు, చెదలు, తేనెటీగల పూర్వీకులు అందులో ఉన్నాయి. అప్పట్లో ఆ పొరల వయసు 5 కోట్ల నుంచి 5 కోట్ల 20 లక్షల ఏళ్లని అనుకున్నారు. తర్వాతి పరిశీలనలతో అది సుమారు 5 కోట్ల 40 లక్షలకు పెరిగింది.

ముద్ద చేతికి వచ్చాక అసలు పని మొదలవుతుంది.

లోపల ఈగ ఉన్నట్టు లీలగా కనిపిస్తుందే తప్ప దాని ఏ భాగమూ స్పష్టంగా తెలియదు. అంబర్ ఒంటికి పగుళ్లుంటాయి, లోపల గాలిబుడగలు, ఆకు తునకలు, దుమ్ము ఉంటాయి. ముందు ముద్దను చిన్న పలకగా కోస్తారు. ఈగకు వీలైనంత దగ్గరగా, దానికి తగలకుండా, సన్నని గరుకు కాగితంతో తడిపి తడిపి అరగదీస్తారు. పగిలిపోయేలా ఉంటే ముందే పారదర్శకమైన ఎపాక్సీ జిగురులో పొదుగుతారు. ఒక్క అర మిల్లీమీటరు ఎక్కువ అరిగితే 5 కోట్ల ఏళ్లు నిలిచిన రెక్క పొడిగా రాలిపోతుంది. మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకొకటి ఉండదు. ఈ పనిలో ఉన్న ఓర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

గుజరాత్ అంబర్‌కు ఒక అరుదైన గుణం ఉంది. దాని అణువులు గట్టిగా అల్లుకోలేదు. బాల్టిక్ సముద్ర తీరపు అంబర్‌లా కాకుండా ఇది కొన్ని రసాయన ద్రవాల్లో తేలిగ్గా కరుగుతుంది. దాంతో పురుగును పూర్తిగా బయటికి తీసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, దాని ఒంటి పైపొరలోని అతి సన్నని వివరాలను కూడా చూడగలుగుతున్నారు. రాయి మీద అచ్చుగా మిగిలిన శిలాజంలో ఈ అదృష్టం దొరకదు.

ఇక కొలతలు. తల నుంచి మొదలుపెట్టి, మీసాల్లో ఎన్ని కణుపులు, కంటికీ కంటికీ మధ్య ఎంత దూరం, తొండం పొడవెంత, కాళ్ల మీద ముళ్లు ఎక్కడెక్కడ, అన్నీ రాసుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు. ఒకటి రెక్కలోని ఈనెలు. ఒక్కో ఈగ వంశానికి ఆ ఈనెల తీరు అరచేతి గీతల్లా విడిగా ఉంటుంది. లిజిస్టోరైనిడే కుటుంబంలో నడి రెక్కలోని కొన్ని ఈనెల మొదళ్లు మాయమై ఉంటాయి, కొసలు మాత్రమే మిగులుతాయి. రెండోది మగ ఈగ తోక చివరి అవయవాలు. బయటికి ఒకేలా కనిపించే రెండు జాతులు చాలాసార్లు అక్కడే వేరుపడతాయి. చూసినదాన్ని ఫోటో తీసి ఊరుకోరు, చేత్తో గీతల బొమ్మ వేస్తారు. ఫోటోలో నీడ ఏదో, ఈనె ఏదో తేలకపోవచ్చు. బొమ్మ వేసేవాడు మాత్రం ప్రతి గీతా ఏమిటో నిర్ణయించుకోక తప్పదు.

ఆ తర్వాత పాత వ్యాసాలన్నీ తిరగేయాలి. ఇది కొత్త జాతి అనడానికి ముందు, ఇదివరకు ఎవరూ దీనికి పేరు పెట్టలేదని తేల్చుకోవాలి. లిజిస్టోరైనా అనే ప్రజాతిని 1890లో ఆస్ట్రేలియా ఈగను చూసి స్కూస్ అనే కీటక శాస్త్రవేత్త ఏర్పరిచాడు. పేలియోగ్నోరిస్టెను 1904లో ఫెర్నాండ్ మ్యూనియే బాల్టిక్ అంబర్ నుంచి వర్ణించాడు. నూరేళ్ల నాటి ఆ వర్ణనలు, బొమ్మలు పక్కన పెట్టుకుని, 2017లో ఫ్రావ్‌కె ష్టెబ్నర్, హుకం సింగ్, రుస్ట్, గ్రిమాల్డీ తమ ఈగలను పోల్చి చూశారు. పేలియోగ్నోరిస్టె అంతకుముందు బాల్టిక్ అంబర్‌లో తప్ప ఇంకెక్కడా కనిపించలేదు. ఇప్పుడది గుజరాత్‌లో, అంతకన్నా పాత పొరలో ప్రత్యక్షమైంది. లిజిస్టోరైనా ఇండికా అయితే, నేటికీ బతికి ఉన్న ఆ ప్రజాతిలో తెలిసినంతలో అతి పురాతనమైనది. ఇండోరైనాకు సరిపోయే పాత ప్రజాతి ఏదీ లేకపోవడంతో దాని కోసం కొత్త ప్రజాతినే ఏర్పరిచారు.

ఇంత చిన్న ఈగ ఇంత పెద్ద మాట చెప్పగలదా అంటే, చెప్పింది. మడగాస్కర్ నుంచి విడివడిన భారత భూఖండం కోట్ల ఏళ్లు సముద్రం మధ్య ఒంటరిగా ఉత్తరానికి జరిగిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. అలాంటి దీవి మీద మరెక్కడా లేని జీవులే ఉండాలి. కానీ గుజరాత్ అంబర్‌లోని పురుగులకు యూరప్‌లో, ఆసియాలో, ఆస్ట్రేలియా వైపు, అమెరికా ఉష్ణమండలంలో బంధువులు కనిపిస్తున్నారు. భారత భూఖండం ఆసియాను తాకేనాటికే, లేదా తాకిన కొత్తలోనే, జీవుల రాకపోకలు సాగుతుండేవన్నమాట. ఈగలు ఇక్కడి నుంచి యూరప్ వెళ్లాయా, అటు నుంచి ఇటు వచ్చాయా అన్నది ఒక్క నమూనాతో తేలేది కాదు. తొందరపడి తేల్చెయ్యకపోవడమే మంచిది.

ఇండోరైనా సాహ్నీ పేరులోని సాహ్నీ ఎవరో చెప్పుకోవాలి. ఆయన అశోక్ సాహ్నీ. లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థను స్థాపించిన బీర్బల్ సాహ్నీకి తమ్ముడి కొడుకు. పాలమూరుకు పొరుగునే ఉన్న వికారాబాద్ జిల్లాతో ఆయనకు గట్టి సంబంధం ఉంది. అక్కడ నస్కల్ గ్రామం దగ్గర దక్కన్ లావా పొరల నడుమ చిక్కిన పాత చెరువు మట్టిలో, తెలుగువాడైన జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ కలిసి ఒక చిట్టి క్షీరదపు పళ్లు కనుగొన్నారు. డైనోసార్ల చివరి రోజుల నాటిది అది. డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టి 1988లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదటిసారి. హిస్లోపి అన్నది, నాగపూర్‌లో పనిచేస్తూ మధ్య భారతపు శిలాజాలను సేకరించిన స్టీఫెన్ హిస్లాప్ అనే మతబోధకుడి జ్ఞాపకం. ప్రసాద్ గారికి 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. తెలుగు పాఠ్యపుస్తకాల ద్వారా ప్రతి పిల్లవాడికీ అందాల్సినంత గొప్పది ఈ నస్కల్ సంగతి.

నస్కల్ నుంచే పేర్ల నియమాలకు ఒక మంచి ఉదాహరణ కూడా దొరుకుతుంది. నస్కల్‌తో పాటు మరి రెండు చోట్ల దొరికిన వేరొక క్షీరదపు పళ్లకు 2007లో రెండు బృందాలు విడివిడిగా పేర్లు పెట్టాయి. ఒకరు భరత్‌థీరియం బోనపార్తె అన్నారు, ఇంకొకరు దక్షిణ జెదెరి అన్నారు. జంతువు ఒక్కటే. ముందు అచ్చయిన పేరే చెల్లుతుందన్నది అంతర్జాతీయ నియమం. కాబట్టి భరత్‌థీరియం నిలిచింది, దక్షిణ అన్న చక్కని పేరు పక్కకు పోయింది. లినేయస్ అనే శాస్త్రవేత్త 1758లో ప్రచురించిన జంతువుల వర్గీకరణ గ్రంథం పదో కూర్పు నుంచి జంతువుల పేర్లన్నిటికీ ఈ లెక్కే. ఇప్పుడు పెట్టే కొత్త పేరు ఏదైనా చెల్లాలంటే ఒక నమూనాను ఆ జాతికి ఆధారంగా ప్రకటించాలి. దాన్ని హోలోటైప్ అంటారు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వచ్చి చూసుకోవడానికి అది ఒక సంస్థలో భద్రంగా ఉండాలి. ఎక్కడ దొరికిందో కూడా రాసి ఉండాలి.

దొరికిన చోటు ఎంత ముఖ్యమో కృష్ణానదికి ఆవల జరిగిన కథ చెబుతుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక నీలి సాలీడును చూసి దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. తర్వాత నూరేళ్లకు పైగా అది ఎవరికీ కనబడలేదు. గుత్తిలో వెతికితే ఎలా కనబడుతుంది? కలపతో పాటు ఎక్కడి నుంచో రైలెక్కి వచ్చి ఉంటుంది. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో చెట్ల తొర్రల్లో కనిపించింది. దుంగ ఏ అడవిదో ఆనాడు ఎవరైనా ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే వెతుకులాట అన్నేళ్లు సాగేది కాదు.

అంబర్ విషయంలో ఇదే పెద్ద చిక్కు. నేడు అంబర్ పురుగుల వర్ణనల్లో చాలా భాగం మయన్మార్‌లోని హుకాంగ్ లోయ నుంచి వస్తున్న ముక్కల మీద సాగుతోంది. వాటి వయసు సుమారు 9 కోట్ల 90 లక్షల ఏళ్లు. పుట్టగొడుగు ఈగలు అందులోనూ ఉన్నాయి. కానీ ఆ గనులున్న కచిన్ ప్రాంతంలో సైన్యానికీ, సాయుధ దళాలకూ మధ్య పోరు నడుస్తోంది. అంబర్ అమ్మిన సొమ్ము ఆ పోరుకు చేరుతోందన్న ఆందోళనతో 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రజ్ఞుల సంఘం, 2017 తర్వాత కొన్న ముక్కల మీద వ్యాసాలు వేయవద్దని పత్రికలను కోరింది. శాస్త్రజ్ఞుల్లో దీని మీద వాదాలున్నాయి. అయినా ఆ కోరిక న్యాయమైనదే. గుజరాత్ నమూనాలకు ఈ మచ్చ లేదు. శాస్త్రవేత్తలే గనిలోకి దిగి, పొర గుర్తించి, ఏరి తెచ్చారు.

డైనోసార్ల సినిమా చూసినవాళ్లకు ఒక ప్రశ్న ఉంటుంది. అంబర్ దోమలోంచి డీఎన్ఏ తీసి పాత జంతువులను బతికించవచ్చా? వీలుకాదు. మోవా పక్షి ఎముకలపై 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం 521 ఏళ్లకు డీఎన్ఏ సగం చెడిపోతుంది. 2013లో, అంబర్ కన్నా ఎంతో కొత్తదైన జిగటలో చిక్కిన తేనెటీగల నుంచే నమ్మదగిన డీఎన్ఏ రాలేదు. అంబర్ మనకు ఇచ్చేది రూపం. అది చాలు.

శ్రోతలకు ఒక మనవి. దండల రూపంలో ‘పురుగున్న అంబర్’ అమ్ముతుంటే, బాగా ఉప్పు కలిపిన నీళ్లలో వేసి చూడండి. నిజమైన అంబర్ తేలుతుంది, చాలా రకాల ప్లాస్టిక్ మునుగుతుంది. కొత్త జిగట కూడా తేలుతుంది గనుక ఈ ఒక్క పరీక్షతోనే నమ్మేయకండి. ఇక అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. తొలకరి తర్వాత పుట్టగొడుగులు లేచే ఆ అడవికి అందుబాటులోనే మన మూడు జిల్లాల బడులు, కాలేజీలు ఉన్నాయి. అచ్చంపేట, కొల్లాపూర్, వనపర్తి, గద్వాల జీవశాస్త్ర ఉపాధ్యాయులారా, పిల్లలకు మీ ఊరి తోటల్లో, బడి ఆవరణలో కుళ్లిన మొద్దుల మీద వాలే ఈ చిన్న ఈగలను భూతద్దంతో చూపించండి. ఫోటో తీసి, తేదీ, ఊరు, చెట్టు పేరు రాయించండి. అభయారణ్యం లోపల అనుమతి లేకుండా ఏదీ పట్టుకోవద్దు. తెలియని పురుగు కనబడితే హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే కేంద్రానికి, వింత రాయి లేదా ఎముక కనబడితే అక్కడి జియలాజికల్ సర్వే కార్యాలయానికి రాయండి. రాయిని పగలగొట్టకండి, కడగకండి. అది దొరికిన చోటు మాత్రం తప్పకుండా రాసిపెట్టండి.